లేబర్ అంటే ఎవరు?

గత ఏడాది మా తమ్ముని భార్యకు నెలలు నిండి నొప్పులు మొదలైతే నాగర్‌కర్నూలు వైపు ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అప్పటికే అర్ధరాత్రి దాటింది. ఆమెను లోపలికి తీసుకుపోయి తలుపు వేశారు. బయట బెంచీ మీద అమ్మా నేనూ కూర్చున్నాం. మా అమ్మ నలభై దాటిన తర్వాత చదువు నేర్చుకుంది. ఎక్కడ అక్షరాలు కనబడినా కూడబలుక్కుని చదవడం ఆమెకు ఇష్టం. బస్సు బోర్డులు, ఎరువుల సంచులు, పెళ్ళి పత్రికలు, ఏవైనా సరే. ఆ రాత్రి తలుపు మీద రాసి ఉన్నది చూసి, "లే... బర్... రూం" అని చదివింది. కాసేపు ఆగి నన్నడిగింది.

"ఏందే, ఈడ లేబర్‌కు గూడ రూమిచ్చిండ్రా?"

నాకు నవ్వొచ్చింది. వెంటనే సిగ్గూ వేసింది. ఆమె అడిగిన దాంట్లో తప్పేముంది? దాదాపు ముప్పై ఏళ్ళు ఆమెను అందరూ లేబర్ అనే పిలిచారు. మేస్త్రీ, సూపర్‌వైజర్, లారీ డ్రైవర్, పని జరిగే ఊళ్ళోని కిరాణా కొట్టాయన, అందరికీ ఆమె లేబరే. ఆ పేరుతో ఆమెకు ఎవరూ ఎప్పుడూ ఒక గది ఇవ్వలేదు. కాలువ గట్ల మీద, రోడ్ల పక్కన, సగం కట్టిన మేడల కింద టార్పాలిన్ గుడిసెల్లోనే ఆమె సంసారం నడిచింది.

"లేబర్ రూం అంటే కాన్పుల గది అమ్మా" అన్నాను.

"మరి కాన్పు అని రాస్తే ఏం పాయె? లేబర్ అని ఎందుకు రాసిండ్రు?"

నా దగ్గర జవాబు లేదు. నేను సాహిత్యంలో పిహెచ్‌డి చేశాను. స్త్రీల శ్రమ గురించి సెమినార్లలో పత్రాలు చదివాను. అయినా ఒకే మాట మా అమ్మను పిలిచే పిలుపుగానూ, ఆడవాళ్ళు బిడ్డల్ని కనే గది పేరుగానూ ఎలా ఉందో ఏనాడూ ఆలోచించలేదు. ఆ రాత్రి నుంచీ ఆ మాట వెంట తిరుగుతూనే ఉన్నాను. కొంత నిఘంటువుల్లో, కొంత మా పాలమూరులో.

నిఘంటువులు చెప్పేది ముందు చూద్దాం. లాటిన్‌లో లబోర్ అంటే పని, కష్టం, బాధ మూడూ కలిసిన మాట. మోయలేని బరువు కింద తూలిపోవడం అనే అర్థమున్న క్రియకు అది బంధువు కావచ్చని కొందరు భాషావేత్తలు అంటారు. అక్కణ్ణించి పాత ఫ్రెంచిలోకి, 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చింది. ఫ్రెంచిలో దాని క్రియారూపం పొలం దున్నడం అనే అర్థంలో స్థిరపడిపోయింది. ఇంగ్లీషులో ఒళ్ళు వంచి చేసే కష్టమంతా లేబర్ అయింది. పురిటి నొప్పులు అనే అర్థం పదహారో శతాబ్దం చివర్లో చేరింది. అంతకుముందు నుంచీ పురిటి నొప్పులకు ఇంగ్లీషులో ఇంకో మాట ఉండేది, ట్రవేల్. ఆ మాట కూడా ఫ్రెంచి నుంచి వచ్చిందే. ఫ్రెంచిలో దానర్థం ఈ రోజుకీ 'పని'. మూడు కొయ్యలతో చేసిన ఒక హింసా సాధనం పేరు నుంచి అది పుట్టిందని సాధారణంగా చెబుతారు. అంటే ఆ భాషల్లో పనికీ పురుడుకీ మధ్య ఉన్న చుట్టరికం ఒక్క మాటతో ఆగిపోలేదన్నమాట.

ఈ చుట్టరికానికి మతం కూడా తోడయింది. బైబిల్ మొదటి పుస్తకమైన ఆదికాండంలో ఆదాముకు పడిన శిక్ష చెమటోడ్చి తిండి సంపాదించుకోవడం. హవ్వకు పడిన శిక్ష నొప్పితో బిడ్డల్ని కనడం. ఆ నొప్పిని తగ్గించడం దైవాజ్ఞకు విరుద్ధం కాదా అనే ప్రశ్న పందొమ్మిదో శతాబ్దంలో కూడా లేచింది. 1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ కాన్పుల్లో క్లోరోఫాం వాడినప్పుడు ఈ అభ్యంతరానికి జవాబు చెప్పుకోవలసి వచ్చింది. 1853లో విక్టోరియా రాణి తన కాన్పుకు క్లోరోఫాం తీసుకున్నాక ఆ గొడవ సద్దుమణుగుతూ వచ్చింది.

ఆ క్లోరోఫాం కథలో మనకు దగ్గరి పేరొకటి ఉంది. దాని భద్రత గురించి 1888, 1889లలో రెండు కమిషన్లు పరీక్షలు జరిపింది హైదరాబాదులోనే. ఆ పనిలో పాల్గొన్న రూపాబాయి ఫర్దూన్జీ మత్తువైద్యంలో తొలి మహిళల్లో ఒకరు. అప్పటికి గద్వాల, వనపర్తి నిజాం ఏలుబడి కింది సంస్థానాలు. రాజధానిలో నొప్పి లేకుండా చేసే మందు మీద ప్రపంచానికి పనికొచ్చే పరిశోధన జరిగింది. అదే రాజ్యపు పల్లెల్లో ఆ తర్వాత వందేళ్ళకు కూడా ఆడవాళ్ళు గుడ్డ నోట్లో కుక్కుకునే కన్నారు. మా అమ్మ నన్ను కన్నది అట్లాగే.

పని, పురుడు ఒకే మాటలో ఉండడం గురించి తత్త్వవేత్తలు కూడా ఆలోచించారు. హన్నా ఆరెంట్ 1958లో 'ది హ్యూమన్ కండిషన్' పుస్తకంలో లేబర్‌నీ వర్క్‌నీ విడదీసింది. వర్క్ మనిషి తర్వాత కూడా నిలిచే వస్తువును తయారు చేస్తుంది. లేబర్ బతుకు నిలబడడానికి రోజూ చేయవలసిన పని. వండింది తినేస్తారు, కడిగింది మళ్ళీ మాసిపోతుంది, ఆనవాలు మిగలదు. ఈ రెండో రకం పనికి పెట్టిన మాటకు యూరప్ భాషల్లో నొప్పితో, ప్రసవంతో సంబంధం ఉండడం కాకతాళీయం కాదని ఆమె గమనించింది. 1981లో మేరీ ఓబ్రయన్ 'ది పాలిటిక్స్ ఆఫ్ రిప్రొడక్షన్' లో ఇంకో అడుగు ముందుకు వేసింది. హెగెల్, మార్క్స్ లేబర్ గురించి అంత రాసి, స్త్రీ శరీరం చేసే లేబర్‌ను ప్రకృతికి వదిలేశారని, దాన్ని చరిత్రగా చూడలేదని ఆమె వాదన.

మన తెలుగు ఏం చెబుతుంది? శ్రమ అనే సంస్కృత పదంలో అలసట ఉంది. కష్టం అంటే పని, బాధ రెండూ. 'రెక్కల కష్టం' అన్నా, 'కష్టాలు' అన్నా అదే మాట. నాకు బాగా ఆసక్తి కలిగించింది మాత్రం 'పడు' అనే చిన్న క్రియ. కష్టపడతాం, పాటుపడతాం, నొప్పులు పడతాం. పాటు అనే మాట కూడా పడు నుంచి వచ్చిందే. లాటిన్ మాటలోని తూలిపోవడానికీ మన 'పడు'కీ పుట్టుకలో సంబంధమేమీ లేదు. కానీ పొలంలో వంగిన ఆడదాన్నీ మంచం మీద నొప్పులు పడుతున్న ఆడదాన్నీ చూసిన వాళ్ళకు రెండు చోట్లా ఒకే రకం మాట తోచింది. మా అమ్మకు లేబర్ రూం అన్న పేరు వింతగా ఉండొచ్చు గానీ, దాని వెనక ఉన్న ఊహ ఆమె భాషలో ఎప్పటి నుంచో ఉంది.

అయితే మా ప్రాంతానికి ఈ ఇంగ్లీషు మాట నొప్పిగా రాలేదు, మనిషిగా వచ్చింది.

ఇది వనపర్తిలో బాగా కనబడుతుంది. పొద్దున్నే లేబర్ అడ్డా దగ్గర నిలబడితే అక్కడి వ్యాకరణం అర్థమవుతుంది. "ఇద్దరు లేబర్ గావాలె." "లేబర్ వచ్చిండ్రా?" "లేబర్ దొరుకుత లేరు." ఇంగ్లీషులో ఒక పనిని, ఒక కష్టాన్ని చెప్పే మాట ఇక్కడ రెండు కాళ్ళతో నడిచొచ్చే మనిషైంది. దానికి ఏకవచనం లేదు, బహువచనం లేదు, పేరు లేదు. లింగం ఉంది. మగవాళ్ళయితే ఉత్త లేబర్, ఆడవాళ్ళయితే 'ఆడ లేబర్'. ఆ 'ఆడ' అన్న విశేషణం చేరగానే కూలి తగ్గుతుంది. ఒకే పనికి, ఒకే రకం పనికి ఒకే వేతనం ఇవ్వాలని 1976లో చట్టం వచ్చింది. అడ్డా మీద మాత్రం పనికి పేరే మార్చేస్తారు. మగాయన చేసేది మేస్త్రీ పని, ఆమె చేసేది 'అందించే పని'. మేస్త్రీ అన్న మాట పోర్చుగీసు నుంచి వచ్చింది, నేర్పుగల గురువు అని దాని మూలార్థం. ఇరవై ఏళ్ళు ఇటుకలూ మాలూ అందించి గోడ ఎట్లా లేస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగల ఆడవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళనెవరూ మేస్త్రీ అనలేదు.

ఈ మాటల రాకపోకల్లో ఇంకో విచిత్రం ఉంది. మన దక్షిణాది భాషల్లో కూలి అంటే పనికి ఇచ్చే ప్రతిఫలం. మనిషిని చెప్పాలంటే కూలివాడు, కూలామె అనాలి. తెల్లవాళ్ళు ఆ మాటను తీసుకుని మనిషికే పేరు పెట్టారు. వాళ్ళ 'కూలీ' అన్న మాట తమిళ కూలి నుంచి వచ్చిందా, గుజరాత్ కోలీల పేరు నుంచి వచ్చిందా అన్న చర్చ 1886 నాటి హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులోనే ఉంది. ఏది మూలమైనా, 1860 నవంబర్ 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరేనాటికి అందులోంచి దిగిన తమిళులకూ తెలుగువాళ్ళకూ ఆ ఒక్క పేరే మిగిలింది. అక్కడ అదొక తిట్టు అయింది. వాళ్ళు మన కూలిని తీసుకుని మనిషికి అంటించారు. మనం వాళ్ళ లేబర్‌ను తీసుకుని అదే పని చేశాం.

అసలు ఇంగ్లండులో కూడా ఈ మాట మనుషుల వర్గానికి చట్టపరమైన పేరుగా గట్టిపడింది కూలి పెరగకుండా ఆపడానికే. ప్లేగు వచ్చి జనం చచ్చిపోయాక పనివాళ్ళు ఎక్కువ కూలి అడుగుతుంటే 1349లో ఒక రాజాజ్ఞ, 1351లో ఒక శాసనం తెచ్చారు. పాత కూలికే పని చేయాలన్నారు. ఆ 1349 ఆజ్ఞ అరవై ఏళ్ళలోపు మగవాళ్ళతో పాటు ఆడవాళ్ళ పేరూ విడిగా ఎత్తింది. బలవంతంగా పని చేయించేటప్పుడు మరిచిపోకుండా ఆడవాళ్ళను లెక్కలోకి తీసుకున్నారు.

'పాలమూరు లేబర్' అనే జంటపదం ఎట్లా స్థిరపడిందో మీకు తెలిసే ఉంటుంది. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేది పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే. తుంగభద్ర ఆలంపురం దాటాక కృష్ణలో కలుస్తుంది. రెండు నదులు పారే నేల నుంచి జనం నీళ్ళు కట్టే పనులకు ఇతర ప్రాంతాలకు పోయారు. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967లో కాలువలకు నీళ్ళొదిలారు. రాతి కట్టడపు ఆనకట్టల్లో అది ప్రపంచంలోనే పెద్దదిగా పేరు పొందింది. రాతి కట్టడం అంటే మనుషులు మోసిందని అర్థం. యంత్రాలు కొని తెచ్చే బదులు వేలమందిని పెట్టి కట్టించారు. తట్టలెత్తుకుని ఆ సారువల మీద బారులు తీరి ఎక్కిన వాళ్ళలో మా పాలమూరు ఆడవాళ్ళున్నారు. మా అమ్మమ్మ ఉంది. శ్రీశైలం ఆనకట్టకు కూడా మావాళ్ళు వెళ్ళారు. ఆ జలాశయం కింద 1981లో కొల్లాపూర్, ఆలంపురం వైపు ఊళ్ళు మునిగిపోతే నేల పోగొట్టుకున్నవాళ్ళు మళ్ళీ లేబరై బయల్దేరారు.

గుంపు మేస్త్రీ ఊరికొచ్చి అడ్వాన్సు ఇస్తాడు. ఆలూమగల్ని జంటగా కలిపి ఇస్తాడు. డబ్బు చేతిలో పడేది మొగుడికి, తీర్చవలసింది ఇద్దరు. 2016 అక్టోబర్ 11న పాత జిల్లాను విడగొట్టి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల అని కొత్త జిల్లాలు చేశారు. జిల్లాల పేర్లు మారాయి గానీ ముంబైలోనో హైదరాబాదులోనో పని చోట మాత్రం మూడు జిల్లాలవాళ్ళూ పాలమూరు లేబరే.

అమ్మను అడిగాను, నిన్ను మొదటిసారి లేబర్ అని ఎప్పుడన్నారని. ఆమె చెప్పిన మాట నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

"ఊర్ల ఉంటే కైకిలి అంటరు. ఊరు దాటితే లేబర్ అంటరు. పని గదే, తట్ట గదే."

కైకిలి మా తెలంగాణ మాట. కలుపుకో నాటుకో పోయే ఆడవాళ్ళను ఎవరిని అడిగినా కైకిలికి పోతున్నామంటారు. ఆ మాటలో పని ఉంది, కూలి ఉంది, తోటి ఆడవాళ్ళ గుంపు ఉంది. కైకిలికి పోయే ఆమెకు ఒక పేరుంటుంది, ఒక ఇంటి వరస ఉంటుంది. చేను గలామె కూడా "ఏమే అక్కా" అనో "వదినా" అనో పిలుస్తుంది. కులం అక్కడా ఉంది, చిన్నచూపూ ఉంది, అదంతా అందంగా ఉండేదని నేననడం లేదు. కానీ ఊరి పొలిమేర దాటగానే ఆ వరస కూడా రాలిపోయి లేబర్ ఒక్కటే మిగులుతుంది.

నేను చదివిన ఒక కాలేజీలో ఆ మాట తిట్టుగా విన్నాను. గట్టిగా మాట్లాడితే 'లేబర్ లెక్క అరవకు'. నా యాస వినబడితే 'పాలమూరు లేబరా?' అన్నవాళ్ళు సరదాకే అన్నామన్నారు. మొదటి ఏడాది చివరికల్లా నా మాట నుంచి యాసను తీసేశాను. ఇప్పుడు ఈ వ్యాసం రాస్తున్న భాష అట్లా వచ్చిందే.

మూడో అర్థం నాకు గద్వాలలో దొరికింది. చీరల దుకాణంలో ధర ఎందుకింత అని అడిగితే ఆయన లెక్క చెప్పాడు. నూలు ఇంత, పట్టు ఇంత, జరీ ఇంత, లేబర్ ఇంత. ఇక్కడ లేబర్ అంటే మనిషీ కాదు, నొప్పీ కాదు, బిల్లులో ఒక వరుస. నేతపనిలో దానికి పాత మాట మజూరి. అది పారశీకం నుంచి వచ్చింది, ప్రతిఫలం అని అర్థం.

ఆ వరుసలో ఎవరి పని ఉంది? గద్వాల చీరకు ఒంటి నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెంటినీ నేతలోనే పోగు పోగుగా కలుపుతారు, కుప్పడం అంటారు. మగ్గం మీద కూర్చునే ముందు పోగు సరిచేయాలి, రాట్నం తిప్పి కండెలు చుట్టాలి, పడుగు అతకాలి. ఈ పనంతా ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళది. చాలా ఇళ్ళల్లో నేతలోనూ వాళ్ళ చేయి ఉంటుంది. 2019-20 అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత, అనుబంధ పనులు చేసేవాళ్ళలో 70 శాతానికి పైగా స్త్రీలే. మజూరి మాత్రం చీరకు ఇంత అని ఇంటి మొత్తానికి వస్తుంది, సాధారణంగా ఇంటి మగాయన పేరు మీద. ఆమె చుట్టిన కండెకు విడిగా ధర లేదు. అడిగితే ఆమే అంటుంది, "నేనేం చేస్త? ఇంట్లనే ఉంట" అని.

ఈ జవాబు మన ఆంధ్రదేశం నుంచే ప్రపంచ స్త్రీవాద చర్చల్లోకి వెళ్ళింది. నరసాపురం లేసు అల్లేవాళ్ళ మీద మరియా మీస్ చేసిన పరిశోధన 1982లో పుస్తకంగా వచ్చింది. వాళ్ళు అల్లిన లేసు విదేశాలకు ఎగుమతి అయ్యేది. కానీ వాళ్ళను పనివాళ్ళుగా కాక తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులుగా చూశారు గనక కూలి అంత తక్కువగా ఉంచగలిగారని మీస్ చూపించింది. గృహిణి అన్న పేరు పెట్టడంలోనే దోపిడీ ఉందన్నమాట. 1776లో ఆడం స్మిత్ సరుకుల విలువను లేబర్‌తో కొలిచాడు. ఇంటి నౌకర్ల పనిని మాత్రం ఉత్పాదకం కాని లేబర్ అన్నాడు, అమ్ముకునే వస్తువేదీ అందులోంచి మిగలదు గనక. ఆ నౌకర్ల జాబితాలో భార్యలు లేనే లేరు. 2019లో మన జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వేలో ఇంటి పని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు జీతం లేకుండా చేస్తున్నారని, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. ఈ 299 నిమిషాలు ఏ చీర బిల్లులోనూ ఎక్కవు.

మూడు ఊళ్ళల్లో మూడు అర్థాలు. వనపర్తి అడ్డా మీద మనిషి, గద్వాల బిల్లులో ధర, నాగర్‌కర్నూలు వైపు ఆస్పత్రి తలుపు మీద నొప్పి. మాట ఒకటే అయినా ఈ మూడూ ఒకదాన్నొకటి ఎరగనట్టే ఉంటాయి. కానీ మా అమ్మ లాంటి ఆడమనిషి ఒంట్లో మూడూ కలిసే ఉంటాయి.

వాటిని కలపడానికి చట్టం కొంత ప్రయత్నించింది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏర్పడిన ఏడాదే ప్రసూతి రక్షణ మీద ఒక ఒడంబడిక చేసింది. మన దేశంలో 1929లో బొంబాయి రాష్ట్రం ప్రసూతి చట్టం చేసింది. ఆ బిల్లును బొంబాయి శాసనమండలిలో సమర్థించినవాళ్ళలో అంబేద్కర్ ఉన్నాడు. 1961లో దేశమంతటికీ ప్రసూతి ప్రయోజనాల చట్టం వచ్చింది. మొదట 160 రోజులు పని చేసి ఉండాలన్న నియమాన్ని 1988 సవరణలో 80 రోజులకు తగ్గించారు. మస్టర్ రోల్ మీద రోజుకూలికి పనిచేసే ఆడవాళ్ళకు ఈ హక్కు లేదని ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ వాదిస్తే, 2000 మార్చి 8న సుప్రీంకోర్టు ఉందని తీర్పు చెప్పింది. ఆ తీర్పులో రోడ్లు వేసే ఆడవాళ్ళున్నారు, తట్టలు మోసే ఆడవాళ్ళున్నారు.

కానీ హక్కు అడగాలంటే ముందు రిజిస్టర్‌లో పేరుండాలి. రాష్ట్రం దాటి పోయేవాళ్ళ కోసం 1979లో ఒక చట్టం చేశారు. వసతి, వైద్యం, ప్రయాణ భత్యం ఇవ్వాలని అందులో ఉండేది. లోపలి నిర్వచనంలో ఆడవాళ్ళు కూడా వచ్చేవారు గానీ ఇంగ్లీషులో దాని పేరే 'వర్క్‌మెన్' చట్టం. 2020లో చేసి, 2025 నవంబర్ 21న అమల్లోకి తెచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో ఆ మాటను 'వర్కర్' అని మార్చారు. పేరు మారినందుకు సంతోషమే. కానీ గుంపు మేస్త్రీ దగ్గర ఉండే పుస్తకంలో పేర్లే ఉండవు. అంకెలుంటాయి.

ఆ పుస్తకం ఎట్లా ఉంటుందో నేను చూశాను. మేస్త్రీది కాదు, మా నాన్నది. నాన్న నాలుగో తరగతి దాకా చదివాడు. మేస్త్రీ లెక్క తప్పు చెబుతాడని అనుమానంతో ఎప్పుడూ ఒక చిన్న డైరీ జేబులో పెట్టుకునేవాడు. ఆయన పోయాక ట్రంకు పెట్టెలో ఆ డైరీలు దొరికాయి. ఆస్పత్రి నుంచి వచ్చాక 1990 డైరీ తీశాను. ఆ ఏడు మావాళ్ళు కర్ణాటకలో ఒక కాలువ పనికి పోయారు. రోజుకొక అంకె వేసి ఉంది. ఇద్దరూ పనికి పోయిన రోజు 2. ఒక్కరే పోతే 1. ఎవరూ పోకపోతే 'నాగా'.

నేను పుట్టిన తేదీ దగ్గర 1½ అని ఉంది.

అమ్మకు చూపిస్తే ఆమెకు వెంటనే గుర్తొచ్చింది. "పొద్దుగాల తట్ట మోస్తి. పగటాళ్ళకు నొప్పులొచ్చె. గుడిసెలకు పోతి. మాపటికి నువ్వు పుడితివి." పొద్దున ఆమె చేసింది సగం రోజు పని, అందుకు సగం. నాన్నది పూర్తి రోజు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆమె పడిన నొప్పులకు ఆ లెక్కలో ఏమీ లేదు. ఆ తర్వాత పదకొండు రోజులు వరుసగా 1. పన్నెండో రోజు నుంచి మళ్ళీ 2. పదకొండో రోజు పురుడు పోసుకుని మర్నాడు నన్ను చెట్టుకు కట్టిన జోలెలో వేసి పనికెక్కింది.

"ఆ పదకొండు రోజుల కూలి?" అని అడిగాను.

"యాడి కూలే? నాగాలని అడ్వాన్సుల బట్టుకున్నడు."

ఇంగ్లీషు నిఘంటువు ప్రకారం ఆ మధ్యాహ్నం మా అమ్మ లేబర్‌లో ఉంది. మేస్త్రీ లెక్క ప్రకారం ఆ మధ్యాహ్నం లేబర్ లేదు. నాన్నను తప్పు పట్టలేను. కూలి ఎగ్గొట్టే వాళ్ళ నుంచి కాపాడుకోవడానికి ఆయన ఆ లెక్క రాసుకున్నాడు. కానీ ఆయనకు కూడా వాళ్ళు లెక్కపెట్టేదే లెక్క.

ఇక నా సంగతి. ఆ రాత్రి ఆస్పత్రిలో అడ్మిషన్ కాగితం నింపుతూ అక్కడున్నాయన అడిగాడు, పేషెంటు ఏం చేస్తుందని. ఆలోచించకుండా "హౌస్‌వైఫ్" అన్నాను. మా మరదలు ఏడో నెల దాకా హైదరాబాదులో అపార్ట్‌మెంటు పనిలో ఇసుక మోసింది. తమ్ముడికి భవన నిర్మాణ కార్మికుల లేబర్ కార్డు ఉంది, ఆమెకు లేదు. 1996 చట్టం కింద, ఏడాదిలో 90 రోజులు ఆ పని చేసినవాళ్ళు నమోదు చేసుకోవచ్చని ఉండేది. నమోదైన ఆడవాళ్ళకు ప్రసూతి సాయం ఇవ్వవచ్చని ఆ చట్టంలోనే ఉండేది. లేబర్ కార్డూ లేబర్ రూమూ కలిసే చోటు అదొక్కటే. ఆ చోటికి ఆమె చేరకపోవడానికి తమ్ముడి నిర్లక్ష్యం ఎంత కారణమో, మా ఇంట్లో ఎవరికీ ఆమె చేసేది విడిగా ఒక పని అని తోచకపోవడం కూడా అంతే కారణం. అందులో నేనూ ఉన్నాను.

నా పక్కన కూర్చున్న అమ్మ లేచి ఆ కాగితం రాసే ఆయనతో, "ఇంట్ల ఉండదు సారు, లేబర్ పనికి పోతది, గట్లనే రాయి" అంది. ఆయన కొట్టేసి రాశాడు. ఆమె నోటి నుంచి ఆ మాట గొంతు తగ్గించకుండా రావడం నేను మొదటిసారి విన్నాను.

తర్వాత ఇంటికొచ్చి నా కాగితాలు తీసి చూసుకున్నాను. స్కాలర్‌షిప్ ఫారాలు, హాస్టల్ ఫారాలు, పిహెచ్‌డి దరఖాస్తు. అన్నింటిలో తండ్రి వృత్తి: వ్యవసాయం. తల్లి వృత్తి: గృహిణి. నా చేతిరాతే. స్త్రీల శ్రమ మీద సిద్ధాంత గ్రంథం రాసి, మొదటి పేజీలో అమ్మకు కృతజ్ఞతలు చెప్పిన దాన్ని, ఆమె చేసిన పని పేరు ఒక్కచోటా రాయలేదు. మా కాలేజీలో నన్ను వెక్కిరించినవాళ్ళను తలచుకుని ఇన్నేళ్ళు బాధపడ్డాను గానీ, ఆ మాటకు వాళ్ళకంటే ఎక్కువ భయపడింది నేనే.

లేబర్ అన్న మాటను వదిలేసి శ్రామిక అనో కార్మిక అనో రాసుకుంటే గౌరవంగా ఉంటుందని కొందరు మిత్రులన్నారు. నాకు అట్లా అనిపించడం లేదు. మాట మార్చినంత మాత్రాన ఆ సగం రోజు లెక్కలోకి రాదు. పైగా ఇంగ్లీషువాళ్ళు తెలిసో తెలియకో ఆ ఒక్క మాటలో పెట్టిన రెండు అర్థాలు మనకు పనికొస్తాయి. తట్ట మోసినా లేబరే, బిడ్డను కన్నా లేబరే అయినప్పుడు, మొదటిదానికి కూలి కట్టి రెండోదాన్ని నాగాగా రాయడమేమిటని అడగడానికి ఆ మాట మనకొక ఆధారం.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ గొంతుల్ని రికార్డు చేసింది. మన ఇళ్ళల్లో పోరాటం పేరు లేని ఆడవాళ్ళ లెక్కలు ఇంకా ట్రంకు పెట్టెల్లోనే ఉన్నాయి. మేస్త్రీ చిట్టీలు, పాత డైరీలు, రేషన్ కార్డులు, మగ్గం ఖాతాలు. మీ ఇంట్లో ఉంటే తీసి చూడండి. మీ అమ్మ, అమ్మమ్మ పేరు ఎక్కడుందో, ఏ రోజులకు అంకె తగ్గిందో చూడండి. పక్కన కూర్చోబెట్టుకుని ఆ రోజేం జరిగిందో అడగండి.

మా మరదలికి ఆ తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. ఆమెకు లేబర్ కార్డు కోసం ఇప్పుడు తిరుగుతున్నాం. 90 రోజులు పని చేసినట్టు ఎవరో ఒకరు ధృవీకరించాలి. అపార్ట్‌మెంటు కాంట్రాక్టరు ఆమె ఎవరో గుర్తులేదంటున్నాడు. తమ్ముడు ఇప్పుడు ఫోన్‌లో రోజూ లెక్క రాస్తున్నాడు. ఇద్దరి పేర్లూ విడివిడిగా రాయమని చెప్పాను. అమ్మ అప్పుడప్పుడూ ఆ ఫోన్ తీసుకుని, సరిగ్గా రాశాడో లేదో కూడబలుక్కుని చదువుతుంది.